గడ చివర అరచెయ్యి

మంగళవారం ఉదయం తొమ్మిదింపావుకు పెద్దోడు ఆస్పత్రి నుంచి నేరుగా వెదురు కుర్చీల కార్ఖానాకు వచ్చాడు. పది కొట్టకముందే అతని చేతిలో తమ్ముడు చిన్నోడి ఎడమచెయ్యి విరిగింది.

అంతకుముందు సంగతి ఇది. వారం కిందట నిప్పుల గాడి దగ్గర వెదురు గడ పేలింది. వంపు తీయడానికి పెద్దోడు దాన్ని నిప్పుల మీద పట్టి తిప్పుతున్నాడు. గడ చీలి, ఒక పేడు అతని ఎడమ కంట్లో దిగింది. కన్ను దక్కలేదు.

వెదురు లోపల ప్రతి కణుపు దగ్గరా అడ్డంగా ఒక గోడ ఉంటుంది. రెండు గోడల మధ్య గాలీ తేమా చిక్కుకుని ఉంటాయి. నిప్పు తగిలితే అవి ఉబ్బుతాయి. దారి లేకపోతే గడను పగలగొట్టుకుని బయటికొస్తాయి. అందుకే గాడి దగ్గరికి రాకముందే ఇనుప చువ్వతో కణుపులన్నీ పొడిచి, గడను ఈ చివర నుంచి ఆ చివరకు గొట్టం చెయ్యాలి. ఆ పని చిన్నోడిది.

పొడిచాడో లేదో తేల్చుకోవడానికి వాళ్ల తాత పెట్టిన పద్ధతి ఒకటి ఉంది. నిప్పు దగ్గర కూర్చునేవాడు గడకు నోరు ఆనించి ఊదుతాడు. అవతలి చివర ఇంకొకడు అరచెయ్యి అడ్డం పెడతాడు. గాలి తగిలితే "వచ్చింది" అంటాడు. ఆ మాట చెవిన పడ్డాకే గడ నిప్పు మీదికి వెళ్తుంది.

ఆ అరచెయ్యి ఎప్పుడూ చిన్నోడిదే. ఎండాకాలంలో అన్నదమ్ములకు చెడింది. బొగ్గుల గాడి తీసేసి గ్యాసు మంట పెడదామని చిన్నోడు అన్నాడు. పెద్దోడు పనివాళ్ల ముందు అతని చెంప పగలగొట్టాడు. ఆనాటినుంచి వాళ్లిద్దరి మధ్య పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటోంది. "వాడి ఊపిరి నా చేతికి తగలకూడదు" అని చిన్నోడు గడ చివర నిలబడటం మానేశాడు. పొడిచిన గడలు గోడకు చేరవేసి తన మానాన తను పోయేవాడు. అప్పటినుంచి అక్కడ అరచెయ్యి పెడుతున్నది నడిపమ్మ మొగుడు.

నడిపమ్మ ఆ ఇద్దరి మధ్యా పుట్టింది, పేరూ అలాగే వచ్చింది. ఇద్దరి మధ్యా అడ్డం పడటమే పుట్టిన నాటినుంచీ ఆమె ఉద్యోగమని పెద్దోడి భార్య, ఆమె వదిన, అంటూ ఉంటుంది. ఆమె మొగుడు కుర్చీలకు లక్క వార్నీషు పెడతాడు. ఇల్లరికం వచ్చినవాడు. అన్నదమ్ములకు బావ. పనివాళ్లకూ బావే, సరుకు తీసుకెళ్లే వ్యాను డ్రైవరుకూ బావే.

గడ పేలిన తర్వాత పనివాళ్లు రావడం మానేశారు. మంగళవారం కార్ఖానాలో ఇంటివాళ్లే ఉన్నారు.

నడిపమ్మ కుర్చీ చేతులు వంచుతోంది. బొటనవేలి మందం పేము కడ్డీని తొట్టిలో నానబెట్టి, కాలిన ఇనుప గొట్టం మీద ఆనించి, కొద్దికొద్దిగా ఒత్తుతూ రావాలి. తొందరపడితే విరుగుతుంది. ఏమరితే మాడుతుంది. గొట్టం ఆమె నడుమెత్తు స్టాండుకు అడ్డంగా బిగించి ఉంది. లోపల బొగ్గులు. చేతులకు తడిగుడ్డలు చుట్టుకుంది. చిన్నోడు మొద్దు దగ్గర కూర్చుని గడలు చీలుస్తున్నాడు. గడ తల మీద కత్తి ఆనించి, కొయ్యసుత్తితో ఒక దెబ్బ వేస్తే మొదటి కణుపు దాకా దిగుతుంది. ఆ తర్వాత కత్తిని తిప్పడమే. తడిక గోడ అవతల బావ ఒక బల్లకు వార్నీషు పెడుతున్నాడు.

పెద్దోడు లోపలికి వచ్చాడు. సగం మొహానికి కట్టు ఉంది. వెనకే మందుల సంచీతో వదిన.

"ఇంటికి పదండి. డాక్టరు పడుకోమన్నాడా లేదా?"

"పడుకుంటాను. ముందు ఇక్కడో పని ఉంది."

"పని ఎక్కడికి పోతుందండీ? మీరు లేరని వెదురేమైనా అడవికి తిరిగెళ్లిపోతుందా?"

పెద్దోడు మొద్దు దాకా వెళ్లి తమ్ముడి ఎదురుగా నిలబడ్డాడు. చిన్నోడు కత్తి దింపాడు. ఎండాకాలం తర్వాత వాళ్లిద్దరూ మాట్లాడుకోవడం అదే మొదలు.

"కన్నెలా ఉంది?" అన్నాడు చిన్నోడు.

"ఇక్కడే పారేసుకుని వెళ్లాను కదరా. నువ్వే చెప్పాలి."

చిన్నోడు తల దించుకున్నాడు.

"ఆ గడ పొడిచావా?"

"పొడిచాను."

"అన్ని కణుపులూ?"

"అన్నీ."

"బెజ్జం ఎంత?"

"ఎంతేంటి? చువ్వ ఎంత ఉంటే అంత."

"ఇలా చూడు." పెద్దోడి గొంతు పెరగలేదు. "మంచం మీద నాకు ఇంకేం పని లేదు. ఇదే ఆలోచించాను. నువ్వు ఒక కణుపు మరిచిపోయావనుకుందాం. మరిచిపోతే నా ఊపిరి అవతలికి పోకూడదు. కానీ పోయింది. బావ చేతికి తగిలింది. వచ్చిందన్నాడు, నా చెవులతో విన్నాను. అంటే నువ్వు మరిచిపోలేదు. ఒక కణుపు దగ్గర చువ్వ ఆపేసి, సన్నటి బెజ్జం పెట్టావు. ఊపిరి పోయేంత. ఆవిరి పోనంత."

సుత్తి చిన్నోడి ఒళ్లో ఉంది. దాని మీది నుంచి అతను చెయ్యి తీశాడు.

"అన్నయ్యా, నీకు మతిగానీ పోయిందా?"

"పోయింది కన్ను. మతి ఉంది."

"కావాలని చేశానంటావా? నిన్ను చంపడానికి?"

"అనడం లేదు. అడుగుతున్నాను. మరిచిపోతే మరిచిపోయానను. అలాగైతే ఊపిరి ఎలా పోయిందో కూడా నువ్వే చెప్పు."

"పొడిచానని చెప్తున్నాగా! బద్దలు ఏరుకుని చూసుకోపో!"

"ఏరుకోవడానికి ఏం మిగిలింది? నిప్పుల్లో పడి బూడిదైంది. ఆ సంగతి నీకు తెలియదా? తెలిసే మాట్లాడుతున్నావు."

పెద్దోడు వంగి తమ్ముడి ఒళ్లోంచి సుత్తి తీసుకున్నాడు. దాన్ని అక్కడి నుంచి దూరంగా పెడతాడేమో అనుకుంది నడిపమ్మ. మొదటి దెబ్బ చిన్నోడి భుజం మీద పడింది. రెండోది తలకు గురిపెట్టాడు. చిన్నోడు ఎడమచెయ్యి అడ్డం పెట్టాడు. చప్పుడు వినపడింది. పచ్చి వెదురు విరిగితే చప్పుడు మెత్తగా వస్తుంది, పీచు పట్టుకుని వేలాడుతుంది. ఇది ఎండు వెదురు విరిగిన చప్పుడు. చెయ్యి మణికట్టుకూ మోచేతికీ మధ్య వంగిపోయింది.

నడిపమ్మ కడ్డీ వదిలేసి పరుగెత్తింది. పెద్దోడి వీపు మీద పడి రెండు చేతులూ పట్టుకుంది. అతను చూడకుండానే మోచెయ్యి వెనక్కి విసిరాడు. పేము నానబెట్టే తొట్టి అంచుకు ఆమె నోరు తగిలింది. పెదవి చిట్లింది. తొట్టి నీళ్లలోకి రక్తం కారింది.

"అక్కను కూడా కొడతావట్రా!" చిన్నోడు కూర్చున్నచోటు నుంచే అన్న కడుపులో తన్నాడు. పెద్దోడు ముందుకు తూలాడు. చిన్నోడు లేచి తలతో అతని మొహం మీద గుద్దాడు, కట్టు ఉన్న పక్కనే. పెద్దోడు అరిచిన అరుపు వీధిలోకి వినిపించింది. కట్టు కింది నుంచి రక్తం చెంప మీదికి జారింది.

"ఎవరైనా రండయ్యా! చంపుకుంటున్నారు!" అని వదిన గుమ్మం దగ్గర కేకలు పెట్టింది. ఎవరూ రాలేదు. ఆ ఇంట్లో కేకలు వీధికి కొత్తకాదు.

చిన్నోడికి ఒక చెయ్యి లేదు, పెద్దోడికి ఒక కన్ను లేదు. కాసేపు ఎవరిది పైచెయ్యో తెలియలేదు. చీల్చిన బద్దల మీద పడి దొర్లారు. బద్దల అంచులు కత్తుల్లా ఉంటాయి. ఇద్దరి వీపుల మీదా చొక్కాలు చీలిపోయాయి. చివరికి విరిగిన చెయ్యి పెద్దోడి మోకాలి కింద పడింది. చిన్నోడు నొప్పికి మెలికలు తిరిగాడు. పెద్దోడు అతని కుడిచేతిని లాగి మొద్దు మీద పరిచాడు. కింద పడిన చీల్చే కత్తి అందుకున్నాడు.

"చువ్వ పట్టేది ఈ చెయ్యేగా?"

చిన్నోడు అన్న మొహంలోకి చూశాడు.

"ఒప్పుకో. కావాలనే చేశానను. పోలీసులకు ఇచ్చేస్తాను, వేళ్లతోనే పోతావు. ఒప్పుకోకపోతే వేళ్లు ఇక్కడే ఉంటాయి."

"చెయ్యనిది ఎలా ఒప్పుకోను?"

"అయితే ఆ ఊపిరి ఎలా వచ్చిందిరా? అది చెప్పు! ఎలా వచ్చింది?"

కత్తి అంచు నాలుగు వేళ్ల మొదళ్ల మీద ఆనింది. చర్మం తెగి ఎర్రటి గీత పడింది. ఆ కత్తి మీద సుత్తి దెబ్బ ఒకటి పడితే చాలు. సుత్తి పెద్దోడికి అందేంత దూరంలోనే ఉంది. వేళ్లు లేనివాడు ఈ పనిలో దేనికీ పనికిరాడు. గడ చీల్చలేడు, బద్ద చివ్వలేడు, పేము అల్లలేడు. చిన్నోడికి ఇంకో పని రాదు.

నడిపమ్మ తొట్టి పట్టుకుని లేచి నిలబడింది. ఊపిరి ఎలా వచ్చిందో ఆమెకు తెలుసు. అది రాలేదు.

లక్క వార్నీషు బ్రష్షుతో పెట్టేది కాదు. గుడ్డ ఉండలో ముంచి అరచేత్తో రుద్దాలి. స్పిరిటూ లక్కా ఏళ్ల తరబడి చేతుల్లోకి ఇంకుతాయి. ఎండాకాలం మొదట్లో ఒక రోజు బావ లక్క కాగుతున్న గిన్నెను ఉత్త చేతులతో దింపాడు. మసిగుడ్డ ఇవ్వబోయిన నడిపమ్మ అలాగే ఆగిపోయింది. అతను గిన్నె బల్ల మీద పెట్టి, మాట్లాడుతున్న మాట పూర్తిచేశాడు. సాయంత్రానికి చేతులు బొబ్బలెక్కాయి.

"చెప్పకు," అన్నాడు అప్పుడు. "చేతులు పోయిన ఇల్లరికపుటల్లుడికి ఈ ఇంట్లో కంచం పెడతారా? కళ్లున్నాయి, మెరుపు చూసి పని చేసుకుంటాను."

ఆమె చెప్పలేదు. పెద్దోడు అతన్ని గడ చివర నిలబెట్టిన రోజు మాత్రం అడిగింది, గాలి తెలుస్తోందా అని.

"ఊదే చప్పుడు వినపడుతుందిగా. అయినా చిన్నోడు ఎప్పుడైనా కణుపు వదిలేశాడా? వాడు పొడిచిన గడకు మళ్లీ చెయ్యి పెట్టి చూడటం అనవసరం. నీ అన్నకు చాదస్తం."

ఆ మాట నిజమే అనిపించింది ఆమెకు. చిన్నోడు కణుపు వదిలేయడం ఆ ఇంట్లో ఎవరూ ఎరగరు.

ఇప్పుడు బావ తడిక గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. చేతిలో వార్నీషు గుడ్డ ఉంది. మొద్దు మీద చెయ్యీ, చెయ్యి మీద కత్తీ చూశాడు. నడిపమ్మ అతన్నే చూస్తోంది. అతను ఆమె కళ్లలోకి చూసి, అడ్డంగా కొద్దిగా తల ఊపాడు. తర్వాత నేల చూపులు చూశాడు.

పెద్దోడు సుత్తి అందుకున్నాడు.

"అన్నయ్యా, ఊపిరి రాలేదు," అంది నడిపమ్మ.

సుత్తి ఆగింది.

"ఏంటీ?"

"నువ్వు ఊదావు. అవతలికి రాలేదు. వచ్చిందని ఈయన ఊరికే అన్నారు. ఈయన చేతులకు స్పర్శ లేదు. ఎండాకాలం నుంచీ లేదు. గాలి కాదు కదా, నిప్పు తగిలినా తెలియదు."

వదిన కేకలు ఆగిపోయాయి. పెద్దోడు బావ వైపు తిరిగాడు. ఎడమవైపు కనిపించదు కాబట్టి మొత్తం తల తిప్పాల్సి వచ్చింది.

"బావా?"

"దానికి భయంతో మతి చెడింది పెద్దబావా," అన్నాడు బావ. "తమ్ముడి వేళ్లు పోతుంటే ఏ ఆడదైనా ఏదో ఒకటి అంటుంది."

"చిన్నోడి కోసం మొగుణ్ని బలిపెడతావా?" పెద్దోడు చెల్లెల్ని అడిగాడు. "నీకిది కొత్తా? చిన్నప్పుడూ అంతే. వాడు కుండ పగలగొడితే నేనే పగలగొట్టానని నువ్వు వీపు చూపించేదానివి."

"అప్పుడు అబద్ధం చెప్పాను. ఇప్పుడు చెప్పడం లేదు."

"రుజువేంటి?"

బావ గుమ్మం వదిలి ముందుకు వచ్చాడు. రావడం రావడం గొట్టం స్టాండు పక్కన ఆగాడు. ఎడమచెయ్యి ఆడిస్తూ మాట్లాడటం మొదలుపెట్టాడు. కుడిచెయ్యి పక్కకు వేలాడుతోంది.

"రుజువు నేనే. నిలబడింది నేను, పట్టింది నేను. దీనికేం తెలుసు? ఇది అటువైపు కూర్చుని అల్లుకుంటోంది."

నడిపమ్మ అతని పక్కకు వెళ్లింది. అతని కుడిచేతి మణికట్టు పట్టుకుంది. బతిమాలుకోవడానికి పట్టుకుందనుకున్నాడేమో, విడిపించుకోలేదు. ఆమె వైపు చూడనూ లేదు. ఆమె ఆ చేతిని పైకెత్తి, అరచెయ్యి కిందికి తిప్పి, గొట్టం మీద పెట్టింది. దాని మీద తన రెండు చేతులూ పెట్టి నొక్కింది. ఆమె చేతుల తడిగుడ్డల్లోంచి ఆవిరి లేచింది.

"నాకు తగిలింది పెద్దబావా," అంటున్నాడు బావ. "సన్నగా తగిలింది. సన్నగా అయినా తగిలిందంటే వచ్చినట్టేగా? అందుకే వచ్చిందన్నాను. ఈ ఇంటికి వచ్చి ఇన్నేళ్లైంది. నేనొక అబద్ధమాడగా ఎవరైనా విన్నారా? ఒక కుర్చీకి ఒక పూత తక్కువ పెట్టానా? మీ అమ్మ పోయేముందు నా చేతులే పట్టుకుని ఏమంది? నువ్వు అల్లుడివి కాదు, మూడో కొడుకువంది. అలాంటివాణ్ని, చిన్నోడి మీద నాకేం కక్ష ఉంటుంది? వాడు వట్టి..."

అతను ఆగాడు. ఎందుకాగాడో అతనికీ వెంటనే తెలియలేదు. వదిన రెండు చేతులతో నోరు మూసుకుని ఉంది. పెద్దోడి ఒక్క కన్నూ తన మొహం మీద లేదు, కిందికి చూస్తోంది. కాలిన మాంసం వాసన వస్తోంది.

"బావా," అన్నాడు మొద్దు మీది నుంచి చిన్నోడు. "చెయ్యి."

బావ తన చేతి వైపు చూశాడు.

నడిపమ్మ తన చేతులు తీసింది. అతను కూడా తీశాడు. అరచేతి చర్మం గొట్టానికి అంటుకుని ఉండిపోయింది. అతని మొహంలో నొప్పి లేదు. చెయ్యి తిప్పి చూసుకున్నాడు, మళ్లీ తిప్పాడు. తర్వాత భార్యను చూశాడు.

"అడిగితే నేనే చెప్పేవాణ్నిగా," అన్నాడు.

"కళ్లతో అడిగాను. తల దించుకున్నారు."

వదిన గోడ దగ్గరికి వెళ్లి వాంతి చేసుకుంది.

పెద్దోడు కత్తి పక్కన పడేశాడు. తమ్ముడి చేతి మీది నుంచి మోకాలు తీశాడు. లేచి, తూలుతూ వచ్చి, బావ గొంతు పట్టుకున్నాడు. వెనక్కి నెట్టుకుంటూ పోయాడు. తడిక గోడ ఇద్దరి బరువుకూ విరిగి వార్నీషు గదిలోకి పడింది. దాని మీద వాళ్లు పడ్డారు. లక్క డబ్బా దొర్లి ఇద్దరి మీదా ఒలికింది.

"కన్ను పోయింది కదరా! చెయ్యి పెట్టి ఏం చేస్తున్నావురా అక్కడ? ఉత్సవ విగ్రహంలా నిలబడ్డావా? తెలియట్లేదని ఒక్క మాటంటే నీ సొమ్మేం పోయేది?"

బావ తిరగబడలేదు. మొహం నల్లబడుతోంది. నడిపమ్మ పెద్దోడి జుట్టు పట్టుకుని వెనక్కి లాగింది. వదిన వచ్చి అతని వేళ్లు ఒక్కొక్కటీ విప్పింది.

"ఇక చాలు. దేవుడు ఒకటే తీశాడు మీ దగ్గర. మిగతావన్నీ మీరే తీస్తున్నారు. ముందు ఆ పిల్లాడి చెయ్యి సంగతి చూడండి. కాస్త ఉంటే వేళ్లు నరికేవారు. దేనికి? మరిచిపోయినందుకు!"

ఆ మాటకు పెద్దోడు లక్కలో తడిసిన చేతులతో నేల మీద కూర్చుండిపోయాడు. తర్వాత పాక్కుంటూ మొద్దు దాకా వెళ్లాడు.

"మరిచిపోయావురా?"

చిన్నోడు కళ్లు మూసుకుని ఉన్నాడు.

"చెప్పరా. ఒక్క కణుపు మరిచిపోయావా?"

"అవును," అన్నాడు చిన్నోడు. "మరిచిపోయాను."

"ఆ మాట ముందే అంటే పోయేది కదరా. నేను నిన్ను..." పెద్దోడు తమ్ముడి కుడిచెయ్యి తీసుకుని, వేళ్ల మీది రక్తం తన చొక్కాతో తుడిచాడు. ఏడుస్తున్నాడు. ఏడిస్తే కుట్లు తెగుతాయని వదిన అంటే లేచాడు. "వ్యాను పిలుస్తాను. ఇందాక మేం వచ్చిన ఆస్పత్రికే పోదాం. ఆ డాక్టరు మంచోడు." అతను వీధిలోకి పోయి డ్రైవరు కోసం కేకలు వేయడం లోపలికి వినపడింది. వదిన అతని వెంట వెళ్లింది.

బావ తొట్టి దగ్గర కూర్చుని చెయ్యి నీళ్లలో పెట్టుకున్నాడు. నీళ్లు చల్లగా ఉన్నాయో లేదో అతనికి తెలిసే వీలు లేదు.

నడిపమ్మ మొద్దు దగ్గర మోకాళ్ల మీద కూర్చుంది. విరిగిన చేతికి కట్టు కట్టకపోతే వ్యాను కుదుపులకు ఎముక బయటికొస్తుంది. చీల్చిన బద్దల్లో నున్నటివి ఏరి, పీచు గీసేసి, చేతికి రెండు వైపులా పెట్టింది. నానిన పేము పేళ్లతో చుట్టడం మొదలుపెట్టింది. పేము తడి ఆరేకొద్దీ బిగుస్తుంది కాబట్టి కాస్త వదులుగా చుట్టాలి. చిన్నోడు పళ్లు బిగించి ఓర్చుకుంటున్నాడు. మొహం పాలిపోయి ఉంది.

"నొప్పిగా ఉందా?"

"బావకున్నంత లేదు," అన్నాడు. నవ్వబోయి మానేశాడు.

"వేళాకోళమాడకు. మరిచిపోయానని మొదటే ఎందుకనలేదు? వేళ్ల మీద కత్తి పెట్టినా పొడిచానే అన్నావు."

చిన్నోడు కళ్లు తెరిచాడు. వీధి గుమ్మం వైపు చూశాడు. అన్న ఇంకా బయటే ఉన్నాడు. తొట్టి దగ్గర బావ వీపు ఇటు తిరిగి ఉంది.

"మరిచిపోయానంటే ఊపిరి ఎలా వచ్చిందో చెప్పాలి. అక్కా, బావ చేతి సంగతి నాకు తెలుసు."

"ఇప్పుడు అందరికీ తెలుసు."

"ఇప్పుడు కాదు. లక్క గిన్నె దింపిన రోజు నేను కిటికీ అవతల ఉన్నాను. చూశాను."

ఆమె చేతిలో పేము ఆగింది.

"అది ఎండాకాలం మొదట్లో," అంది. "అప్పటికి అన్నయ్య నిన్ను కొట్టలేదు. నువ్వు గడ చివరే నిలబడేవాడివి."

"అవును."

"నువ్వు తప్పుకుంటే అక్కడికి ఎవరొస్తారో తెలిసే తప్పుకున్నావా?"

చిన్నోడు ఆమె మొహంలోకే చూస్తూ ఉన్నాడు. పెదవి మీది రక్తం ఎండి ఉందని, కడుక్కోమని మాత్రం అన్నాడు.

గుమ్మంలో అడుగుల చప్పుడైంది. పెద్దోడు లోపలికి వచ్చి వంగి తమ్ముణ్ని రెండు చేతుల మీదికి ఎత్తుకున్నాడు. చిన్నోడు మంచి చెయ్యి అన్న మెడ చుట్టూ వేశాడు.

"నువ్వు రావే?" అన్నాడు పెద్దోడు.

నడిపమ్మ నోరు తెరిచింది. కత్తి ఇంకా మొద్దు పక్కనే ఉంది. సుత్తి దాని పక్కన ఉంది.

"ఈయన చేతికి కట్టు కట్టి వస్తాను," అంది.

"త్వరగా రా."

వ్యాను వెనక సగం వరకూ కుర్చీలు ఎక్కించి ఉన్నాయి. ముందు డ్రైవరు పక్కన వదిన ఎక్కింది. అన్నదమ్ములు వెనక, కుర్చీల మధ్య చోటుచేసుకుని కూర్చున్నారు. చిన్నోడు అన్నకు ఎడమపక్కన, కన్ను లేని వైపు కూర్చున్నాడు. డ్రైవరు వెనక తలుపులు మూసి, బయట గడియ పెట్టాడు.